సూది మళ్లీ వేలికి తెలిసింది: నన్ను నిలబెట్టిన మీ అందరికీ

అందరికీ నమస్కారం.

నేను కావలిలో జాకెట్లు కుడతాను. పది నెలల కిందట ఉన్నట్టుండి నా కుడిపక్క చచ్చుబడింది. అప్పటి నుంచి నా కోసం ఎవరెవరు ఏమేమి చేశారో అందరి ఎదుటా చెప్పుకోవాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను. మొన్నటి దాకా ఫోనులో రెండు వాక్యాలు రాసేసరికి కుడిచెయ్యి బరువెక్కి ఒళ్లో వాలిపోయేది. ఇప్పుడు ఇదంతా ఆ చేత్తోనే, మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. పేర్లు వద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

మాఘమాసం, పెళ్లిళ్ల కాలం. ఒకే పెళ్లివారివి తొమ్మిది జాకెట్లు ఇవ్వాలి. ఆ సాయంత్రం ఆకుపచ్చ పట్టు జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే సూది కింద పడింది. తీసుకున్నాను. మళ్లీ పడింది. మూడోసారి పడలేదు, వేళ్ల మధ్యే ఉంది. కానీ ఉన్నట్టు నాకు తెలియలేదు. కళ్లకు సూది కనిపిస్తోంది, వేలికి మాత్రం లేదు. పదహారేళ్లుగా చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించే వేళ్లు అవి. లేవబోతే కుడికాలు నేలకు ఆనిందో లేదో అర్థం కాలేదు. కుడి చెంప మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టు మొద్దుబారిపోయింది.

అప్పుడే పక్కింటి అక్క టీ గ్లాసుతో వచ్చింది. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టి, "రెండు చేతులూ ముందుకు చాపు" అంది. ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి సగం దాకా వచ్చి కిందికి జారింది. అక్క గోడ గడియారం వైపు చూసి, గుడ్డ మీద గీతలు గీసే నా సుద్దముక్క తీసుకుని కత్తిరింపు బల్ల మీద 7.40 అని రాసింది. ఆ తరువాతే 108కి ఫోను చేసింది.

ఆ అంకె ఎందుకు రాసిందో నాకు ఆ క్షణంలో తెలియదు. వాళ్ల నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఎన్నింటికి మొదలైందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారట. మెదడు రక్తనాళంలో గడ్డ కడితే దాన్ని కరిగించే ఇంజక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. వేళ తెలియకపోతే ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు. ఆ దుఃఖంలో నేర్చుకున్నది అక్క నా కోసం వాడింది. ఎవరో నా నోట్లో నీళ్లు పోయబోతే గట్టిగా ఆపింది. సగం మొద్దుబారిన నోటితో మింగితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని తనకు తెలుసు. అక్కా, నీ చేతి రాత ఇంకా ఆ బల్ల మీదే ఉంది. తుడవనివ్వలేదు.

108లో వచ్చిన అబ్బాయికి కూడా నా నమస్కారం. నా వేలికి గుచ్చి ముందు చక్కెర చూశాడు. చక్కెర బాగా పడిపోయినా ఒక్కోసారి ఒక పక్కే చచ్చుబడినట్టు అవుతుందని మా ఆయనకు చెబుతూనే బీపీ పట్టీ చుట్టాడు. నెల్లూరు దాకా యాభై కిలోమీటర్లకు పైగా దారి. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేదాకా నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు: పిల్లలు ఏం చదువుతున్నారు, జాకెట్టుకు ఎంత గుడ్డ కావాలి. నా మాట ముద్దగా మారుతుందేమో కనిపెట్టడానికి అలా మాట్లాడించాడని తరువాత తెలిసింది. ఆ రాత్రి నాకు మాత్రం అది తోడుగానే అనిపించింది. బాబూ, నువ్వు ఎవరి బిడ్డవో, చల్లగా ఉండు.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న "ఎన్నింటికి మొదలైంది?" మా ఆయన తడుముకోకుండా "ఏడు నలభై" అన్నాడు. సీటీ స్కాన్‌లో నెత్తురు కారినట్టు లేదు. ఎం.ఆర్.ఐ.లో గడ్డ లేదు. తెల్లవారేసరికి ఇది పక్షవాతం కాదని చెప్పారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. చెయ్యి మాత్రం రాలేదు.

ఆ తరువాతి మూడు నెలలు పరీక్షలే. బి12 విటమిన్ చూశారు. నరాలకు కరెంటు పెట్టి చూశారు. నడుములోంచి నీరు తీసి చూశారు. మా పుట్టిల్లు కనిగిరి వైపు. చిన్నతనమంతా ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినదాన్ని. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక గట్టిపడి లోపలి నరాల తాడును నొక్కేయవచ్చని మెడకు కూడా స్కాన్ తీశారు. అదీ శుభ్రంగా ఉంది. నరాల పై పొర దెబ్బతింటే మెదడులో కనిపించే తెల్లమచ్చలు కూడా లేవు. ఏ కాగితం తెచ్చినా "బాగుంది" అనే ఉండేది. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లలేని మనిషికి ఆ మాట ఎంత భయం పుట్టిస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. పేరు లేని రోగానికి మందు ఎవరిని అడగాలి?

ఆ రోజుల్లోనే ఒకచోట ఒక పెద్దమనిషి కాగితాలన్నీ తిరగేసి, నా ముందే మా ఆయనతో "ఈమెకు ఏమీ లేదు, పని తప్పించుకోవడానికి ఇలా చేస్తోంది" అన్నాడు. ఎక్కడ, ఎవరు అన్నది రాయను. తిరుగు బస్సులో మా ఆయన నా కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కావలి దాకా పట్టుకునే కూర్చున్నాడు. ఆ పట్టు నాకు సగమే తెలిసింది. అయినా తెలిసింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ మాట విన్న తరువాత నన్ను నమ్మినవారి విలువ ఎంత పెరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అమ్మ కనిగిరి నుంచి వచ్చి పావురం నెత్తురు మర్దన చేయిద్దామంది. బంధువులు చిత్తూరు వైపు పసరు మందుకు తీసుకెళతామన్నారు. చేయించలేదు కానీ వారెవరి మీదా నాకు కోపం లేదు. కూతురి చెయ్యి చచ్చుబడితే తల్లి దేన్నైనా పట్టుకుంటుంది.

వైశాఖంలో నెల్లూరులోనే ఇంకొక నరాల వైద్యుడి దగ్గరకు వెళ్లాం. ఆయన కాగితాలు పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. మంచం మీద పడుకోబెట్టి, కుడి మడమ కింద చెయ్యి పెట్టి "కిందికి నొక్కండమ్మా" అన్నారు. ఎంత ప్రయత్నించినా రాలేదు. తరువాత మా ఆయనను పిలిచి అతని చేతిని నా కుడి మడమ కింద పెట్టించారు. నా ఎడమ తొడ మీద తన అరచెయ్యి ఆనించి "ఇప్పుడు ఈ ఎడమకాలు పైకి ఎత్తండి, నేను ఆపుతాను" అన్నారు. నేను ఎడమకాలు ఎత్తడానికే చూస్తున్నాను. మా ఆయన ఒక్కసారిగా "అయ్యా, నా చెయ్యి నలిగిపోతోంది" అన్నాడు. నా కుడికాలు పూర్తి బలంతో కిందికి నొక్కుతోంది, నాకు తెలియకుండానే.

ఇది 1908లో హూవర్ అనే అమెరికా వైద్యుడు రాసిన పరీక్ష అని డాక్టర్ గారు చెప్పారు. ఒక కాలు ఎత్తితే రెండో కాలు తనంతట తానే నేలను నొక్కుతుంది. బలం అక్కడే ఉంది, నరం తెగలేదు. మనం కోరి, ధ్యాస పెట్టి కదపబోయినప్పుడు మాత్రం మెదడు పంపే ఆజ్ఞ దారి తప్పుతోంది. దీని పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. "స్కాన్లు బాగున్నాయని ఈ పేరు పెట్టడం లేదు, ఈ గుర్తు కనిపించింది కాబట్టి పెడుతున్నాను. మీరు నటించడం లేదు" అన్నారు. ఆ చివరి మాటను మా ఆయన వైపు కూడా తిరిగి మళ్లీ చెప్పారు. ఒకప్పుడు దీన్ని హిస్టీరియా అని తీసిపారేసేవారట. నరాల వైద్యుల దగ్గరకు వచ్చేవారిలో ఇది అరుదు కాదని, దిగులు ఉన్నవారికే వస్తుందన్న నియమమూ లేదని చెప్పారు. డాక్టర్ గారూ, మీరు ఆ రోజు నాకు మందుచీటీ రాయలేదు. నా కాలిలో నాకే తెలియని బలాన్ని మా ఆయన చేతికి చూపించారు. మీ పాదాలకు నమస్కారం.

నా పని తెలిసినవారికి ఇలా చెబుతాను. మిషను బాగుంటుంది, మోటారు బాగుంటుంది, సూదీ కొత్తదే. దారం బిగువు తప్పితే కుట్టు పడదు. విప్పి చూస్తే విరిగిన సామాను ఒక్కటీ దొరకదు. అంతమాత్రాన కుట్టు బాగానే పడుతోందని ఎవరూ అనరు కదా.

ఇక ఫిజియోథెరపీ అమ్మాయి గురించి. మా చిన్న చెల్లెలి వయసు. ఒక్కరోజు కూడా నాతో "చెయ్యి ఎత్తండి, కాలు కదపండి" అనలేదు. ముందుకు నడిస్తే కాలు ఈడ్చేదాన్ని, వెనక్కి నడిపించింది. ఈడ్పు సగం పోయింది. అంకెలు వెనక నుంచి లెక్కపెట్టిస్తూ మెట్లు ఎక్కించింది. అద్దం ముందు కూర్చోబెట్టి, చెయ్యి వైపు కాకుండా అద్దంలోకి చూస్తూ తల దువ్వించింది. ధ్యాసను పక్కకు మళ్లిస్తే చెయ్యి తన పని తాను చేసుకుంటుందని, అలా మెల్లమెల్లగా పాత దారి మళ్లీ అలవాటవుతుందని చెప్పింది.

అయిదో వారంలో కాబోలు, తన జాకెట్టు ఒకటి తెచ్చి నా ముందు కూర్చుంది. "అక్కా, నాకు కాజా తీయడం రాదు, నేర్పించవా" అని తనే కుట్టడం మొదలుపెట్టింది. సూదిని పొడుగ్గా, కలం పట్టినట్టు పట్టుకుంది. దారం మెలిపడుతోంది. పట్టు అంచు పీచు లేస్తోంది. చూడలేకపోయాను. "అలా కాదమ్మా" అంటూ ఆ సూదిని లాక్కుని అంచు మడిచి ఒక ముడి వేశాను. రెండో ముడి వేశాను. మూడో ముడి దగ్గర ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి నా చెయ్యి వైపే చూస్తోందని గమనించాను. కుడిచెయ్యి. బొటనవేలికి సూది చల్లగా తగిలింది. నేను ఏడ్చాను, తనూ ఏడ్చింది. ఆ సగం కాజా ఉన్న జాకెట్టును నా దగ్గరే ఉంచేసి వెళ్లింది. తల్లీ, అది పూర్తి చేశాను, వచ్చి తీసుకెళ్లు.

ఆ తొమ్మిది జాకెట్ల సంగతి చెప్పకపోతే నాకు అన్నం అరగదు. నేను ఆసుపత్రిలో ఉన్న మర్నాడే మా వీధిలో కుట్టుపని చేసే నలుగురు వచ్చి వాటిని పంచుకున్నారు. నేను సుద్దతో గీసిన గీతల మీదే కత్తిరించి, పెళ్లికి ముందురోజు అందించారు. డబ్బంతా మా ఇంట్లో ఇచ్చి వెళ్లారు. కూలి కింద ఒక్క రూపాయి ఉంచుకోలేదు. వాళ్లూ నాలాగే రోజు గడవడానికి కుట్టేవాళ్లే. పెళ్లికూతురి అమ్మగారు ఒక్క మాట అనకపోగా పసుపు కుంకుమలతో పాటు బియ్యం బస్తా పంపించారు. మా ఆయన తెల్లవారుజామున లేచి వంట చేసి, పాపకు జడ వేసి, ఆ తరువాత ఆటో తీశాడు. ఇవి నేను తీర్చుకోగల బాకీలు కావు.

ఇప్పుడు రోజుకు రెండు జాకెట్లు కుడుతున్నాను. ఇంతకుముందు అయిదు కుట్టేదాన్ని. పొద్దుగూకితే చెయ్యి బరువెక్కుతుంది. చిటికెనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. నాకే ఎందుకు వచ్చిందో, ఆ సాయంత్రమే ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. "ఏం దిగులు పెట్టుకున్నావు" అని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు.

నాలాంటి లక్షణాలు ఉన్నాయని కొందరు నాకు సందేశాలు పంపుతున్నారు. మీకు చేతులు జోడించి ఒకటే చెబుతాను. నా కథ చదివి మీకూ ఇదే అనుకోకండి. హఠాత్తుగా ఒక పక్క చచ్చుబడినా, నోరు వంకరపోయినా, మాట తడబడినా ముందు గడియారం చూసి 108కి ఫోను చేయండి. నాకు రేపు కొత్తగా ఏదైనా వచ్చినా అలాగే రావాలని డాక్టర్ గారు చెప్పారు. ఏ జబ్బో తేల్చవలసింది పరీక్షించిన వైద్యుడే.

చివరగా మళ్లీ పక్కింటి అక్క. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు వెళ్లి, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి నా పేరు మీద ఆరోగ్య రొట్టె అందుకుంది. కోరిక తీరినవారు తెచ్చి ఇస్తారు, కోరుకునేవారు తీసుకుంటారు. తీరితే మరుసటి ఏడాది వారు తెచ్చి ఇవ్వాలి. ఆ రాత్రి తడిచీరతోనే మా గడపలోకి వచ్చి, కొంగులో చుట్టి తెచ్చిన రొట్టెను తుంచి నా నోట్లో పెట్టింది. వచ్చే మొహర్రానికి ఇద్దరం కలిసి వెళ్లాలి. పిండి తనే కలుపుతానంటోంది. నేను ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం రెండు గిద్దెల గోధుమపిండి పిసికి చూశాను. నాలుగు రొట్టెలు వచ్చాయి.