జవాబివ్వకుండానే మూసేసిన ప్రశ్న గురించి: తేలికపాటి పికప్‌లలో డీజిల్ ఇంజిన్

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీ తేలికపాటి పికప్ ట్రక్కులో డీజిల్ ఇంజిన్ ఇచ్చే ఉద్దేశం ఉందా లేదా అని నేను కొన్ని నెలల క్రితం అడిగాను. ఉందని గానీ, లేదని గానీ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఈ వారం మాత్రం "మీ అభ్యర్థన పరిష్కరించబడింది" అని ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ వాక్యం చదివాక నాకు కలిగిన కోపమే ఈ లేఖకు కారణం.

జరిగిందంతా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నేను మాట్లాడిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. తొలుత డీలరును అడిగితే, ఏ ఇంజిన్ పెట్టాలన్నది కంపెనీ నిర్ణయమని, మిమ్మల్నే అడగమని అన్నారు. మీకు ఫోన్ చేస్తే, రికార్డు చేసిన గొంతును చాలాసేపు వినిపించిన తర్వాత లైనులోకి వచ్చిన ప్రతినిధి, నా ప్రశ్న పూర్తికాక ముందే వాహన గుర్తింపు సంఖ్య అడిగారు. ఇంకా తయారే కాని బండికి సంఖ్య ఎలా ఉంటుందని అడిగితే, అది లేనిదే ఫిర్యాదు నమోదు కాదన్నారు. చివరికి నేను ఇప్పుడు నడుపుతున్న పెట్రోల్ పికప్ సంఖ్య చెప్పాను. దాంతో నా ప్రశ్న ఇంజిన్ మరమ్మతు కింద నమోదై, బండిని ఎప్పుడు తీసుకొస్తారని సర్వీసు కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. పొరపాటు సరిదిద్దమని మళ్లీ అడిగితే, మరొక ప్రతినిధి హైబ్రిడ్ పికప్ వివరాలున్న పత్రం పంపి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగారు. తన పైఅధికారి తప్పకుండా ఫోన్ చేస్తారని ఇంకొకరు మాటిచ్చారు. ఆ ఫోన్ రాలేదు. చాట్‌లో దొరికిన వ్యక్తి నన్ను తిరిగి డీలరు దగ్గరికే పంపారు. వీరిలో ఎవరూ నాతో దురుసుగా మాట్లాడలేదు, కానీ నేను ఏమి అడుగుతున్నానో వినిపించుకున్నవారు కూడా ఒక్కరు లేరు.

డీజిల్ ఇవ్వకపోవడానికి కారణాలు ఉంటాయని నాకు తెలుసు. 2015లో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల ఉద్గారాల మోసం బయటపడిన తర్వాత అమెరికాలో డీజిల్ మీద నమ్మకం దెబ్బతింది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రావణం, వాటి పరికరాలు అన్నీ కలిసి బండి ధరను పెంచుతాయి. ఎప్పుడూ చిన్న దూరాలే తిరిగే బండిలో ఫిల్టరు తగినంత వేడెక్కక మసి పేరుకుపోతుంది. ఫెడరల్ ఇంధన పన్ను కూడా పెట్రోల్ మీద గాలన్‌కు 18.4 సెంట్లుంటే డీజిల్ మీద 24.4 సెంట్లు. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో 2018లో వచ్చిన డీజిల్ 2021తో ఆగిపోయింది, రామ్ 1500 పికప్‌లోది 2023లో ఆగింది. ఈ మాటల్లో ఏ ఒక్కటి మీవాళ్లు చెప్పి ఉన్నా నేను గౌరవంతో వినేవాడిని.

అయితే రెండో వైపు కూడా ఉంది. నాలాగా బరువైన ట్రెయిలరు కట్టుకుని కొండదారుల్లో చాలా దూరం వెళ్లేవారికి తక్కువ వేగంలోనే గట్టిగా లాగే ఇంజిన్ కావాలి. డీజిల్ గాలన్‌లో పెట్రోల్ కంటే సుమారు 13 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది, ఇంజిన్ కూడా దాన్ని మరింత పొదుపుగా వాడుకుంటుంది. జనరల్ మోటార్స్ వారి 3 లీటర్ల డీజిల్‌తో వచ్చిన 2020 షెవర్లే సిల్వరాడో 1500కు, టూ వీల్ డ్రైవ్‌లో, హైవే మీద గాలన్‌కు 33 మైళ్లని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) అంచనా ఇచ్చింది. ప్రతి పికప్‌లోనూ డీజిల్ పెట్టమని నేను అనడం లేదు. బరువులు లాగేవారికి దాన్ని ఎంచుకునే అవకాశం ఉండాలంటున్నాను, అదనపు ధర చెల్లించడానికి సిద్ధంగా ఉన్నానని కూడా మీ ప్రతి ప్రతినిధికీ చెప్పాను. ఆ ఉద్దేశం ఉందో లేదో ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో బాధ్యత గల ఒకరు సంతకం చేసి రాసి ఇస్తే చాలు. లేదన్నా అంగీకరిస్తాను.

మా ఇంట్లో మా నాన్నగారి కాలం నుంచి మీ కంపెనీ బండ్లే కొంటున్నాం. మీ పికప్ కొనమని స్నేహితులకు, బంధువులకు నా అంతట నేనే చెప్పాను. అటువంటి మనిషి ఒక్క ప్రశ్న అడిగితే, దాన్ని వినకుండానే పరిష్కరించామని రాసుకోవడం నాకు అవమానంగా ఉంది.

ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే, మనమధ్య నడిచిన ఈమెయిళ్లన్నిటినీ వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే బెటర్ బిజినెస్ బ్యూరోకు, మీ డైరెక్టర్ల బోర్డుకు పంపుతాను. నా తర్వాతి పికప్‌ను డీజిల్ అమ్ముతున్న కంపెనీ దగ్గరే కొంటాను, మీ బండ్లు కొన్న మా బంధువులకూ అదే చెబుతాను. మళ్లీ వాహన గుర్తింపు సంఖ్య అడుగుతూ మాత్రం దయచేసి నాకు ఫోన్ చేయించవద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్