పేగు కుట్లు మాన్పే మందులంటే తొందరపడొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం. పేగు ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే, ఎందుకంటే కోసి కలిపిన చోట కుట్టు లీకైతే లోపలిదంతా పొట్టలో చేరి ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి కొన్ని రోజులు అక్కడ పాత కొల్లాజెన్ (కణజాలాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రోటీన్) కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడకుండా ఉంటుంది. ఆ అతుకును త్వరగా మాన్పే మందుల కోసం పరిశోధనలు జరుగుతున్నాయి. అమెరికాలో 2012లో షార్ట్ బవెల్ సిండ్రోమ్‌కు (పేగు పొట్టిదై పోషకాలు సరిగా ఒంటబట్టని జబ్బు) అనుమతి పొందిన టెడుగ్లుటైడ్ అనే మందును ఎలుకల పేగు కుట్ల మీద కూడా పరీక్షించారు. మంచి ప్రయత్నమే, కానీ ఎలుకకు పనిచేసిందల్లా మనిషికి పనిచేయదు కదా.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. బీపీసీ-157 లాంటి, మందుగా అనుమతి లేని ఇంజెక్షన్లను పేగు మాన్పుతాయంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి ఎవరూ కొనకండి! దానికి బదులు సిగరెట్ మానేయండి, కుట్టు లీకయ్యే ముప్పు తగ్గుతుంది.

ఎవరైనా ఇలాంటి మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌లో చేరమంటే అది సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదైందో లేదో చూసుకోండి, సమ్మతి పత్రం తెలుగులో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ట్రయల్ వల్ల హాని జరిగితే కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ములుగు, భూపాలపల్లి ఊర్ల నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, మీ జిల్లా పేజీలో వివరంగా వేయండి.

– ఒక పాఠకుడు, హన్మకొండ