నది దాటని ఏటీఎం పరిధి: రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

నమస్కారములు.

ఒక్కొక్క ఏటీఎం ఏయే ఊళ్లకు నిజంగా అందుబాటులో ఉందో తేల్చడానికి భౌగోళిక పటాలను వాడాలని, ఆ పటాలను ప్రజల ముందుంచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పటాలతో పనిచేయడం నా వృత్తి, గోదావరి డెల్టా నా ప్రాంతం. అందువల్ల నేను చెప్పదలచినది కూడా ఆ నది దగ్గరే మొదలవుతుంది.

అందరికీ బ్యాంకింగ్ సేవలు చేర్చడానికి రూపొందించిన 2019–2024 జాతీయ ఆర్థిక సమ్మిళిత వ్యూహం ప్రతి గ్రామానికీ 5 కిలోమీటర్ల వ్యాసార్ధంలో బ్యాంకింగ్ సేవ అందాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కలోకి శాఖలూ, ఊళ్లలో బ్యాంకు తరఫున సేవలందించే బ్యాంకు మిత్రలూ కూడా వస్తారు. లక్ష్యం మంచిదే, కొలిచే తీరులోనే లోపం ఉంది, అదే కొలత ఏటీఎంలకు వాడినప్పుడు లోపం ఇంకా పెద్దదవుతుంది. నరసాపురం పట్టణంలో ఉన్న ఒక ఏటీఎం చుట్టూ 5 కిలోమీటర్ల వృత్తం గీస్తే వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి ఒడ్డు కూడా అందులో పడుతుంది. కాగితం మీద ఆ ఒడ్డు వారికి ఏటీఎం దగ్గరే ఉంది. వాస్తవంలో వారు రేవు దగ్గర మోటారు సైకిళ్లతో సహా పంటు (మనుషులనూ వాహనాలనూ నది దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలికి చేరాలి, లేదా మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు వైపు నుంచి చుట్టు తిరిగి రావాలి. రాత్రి పూట పంటు ఉండదు. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు ఎగరేసిన రోజుల్లో పగలు కూడా ఉండదు, డబ్బు చేతిలో ఉండవలసిన అవసరం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. సఖినేటిపల్లిలో సొంతంగా ఏటీఎం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అవతలి ఒడ్డు యంత్రాన్ని ఇవతలి ఒడ్డు వారి ఖాతాలో ఏ లెక్కన వేస్తున్నామన్నదే ప్రశ్న.

ఇందుకు పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఏటీఎం ఉన్న బిందువు నుంచి రోడ్ల వెంట నడక, ఆటో, బస్సు ప్రయాణాలకు పట్టే సమయాన్ని లెక్కగట్టి, పావుగంటలో, అరగంటలో, గంటలో చేరగలిగిన ప్రాంతాలను పటం మీద గీయవచ్చు. నది అడ్డం వస్తే ఆ గీత అక్కడ ఆగుతుంది, వంతెన ఉన్నచోట దాటుతుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కుంచించుకుపోతుంది. ఇందుకు కావలసిన సమాచారంలో చాలా భాగం ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద సేకరించిన గ్రామీణ రోడ్ల పటాలను కేంద్రం 2022లో బహిరంగపరిచింది. ఉపగ్రహ పటాలు చూపే ఇస్రో వారి భువన్ పోర్టల్ 2009 నుంచి పనిచేస్తున్నది. బ్యాంకు శాఖలు, ఏటీఎంల వివరాలను బ్యాంకులు మీకే సమర్పిస్తున్నాయి. 2022 మార్చిలో దుకాణాల్లోని కార్డు యంత్రాలు, క్యూఆర్ కోడ్‌ల వంటి చెల్లింపు కేంద్రాలన్నిటికీ అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయాలని మీ సంస్థే ఆదేశించింది. బిందువులన్నీ చేతిలో ఉన్నాయి, వాటి చుట్టూ పరిధులు గీయడమే మిగిలింది.

ఈ పటాలు ప్రజలకే కాదు, ఏటీఎంలు నడిపేవారికీ అవసరం. హైదరాబాదులో కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లోనో, అమీర్‌పేటలోనో కొద్ది దూరంలోనే అనేక ఏటీఎంలు కనిపిస్తాయి. ఇతర బ్యాంకుల కార్డులపై జరిగే లావాదేవీకి ఆ బ్యాంకుల నుంచి వచ్చే ఇంటర్‌చేంజ్ రుసుమే ప్రధాన ఆదాయమైన సంస్థ, అద్దె, కరెంటు, నగదు తెచ్చే వ్యాను, కాపలా ఖర్చులన్నీ దాని నుంచే రాబట్టుకోవాలి కనుక రద్దీ ఉన్న కూడలినే వెతుక్కుంటుంది. అందులో తప్పుపట్టవలసినది లేదు. కానీ అప్పటికే ఆరు ఏటీఎంలున్న వీధిలో ఏడవది పెడితే కొత్త లావాదేవీలు పెద్దగా పుట్టవు, ఉన్నవాటినే ఏడుగురు పంచుకుంటారు. 1960ల్లో అమెరికా పరిశోధకుడు డేవిడ్ హఫ్ దుకాణాల కోసం రూపొందించిన నమూనా ఈ సంగతినే లెక్కలోకి తెస్తుంది. మనిషి ఎప్పుడూ అతి దగ్గరి చోటికే వెళ్లడు, ఆ చోటికున్న ఆకర్షణ పెరిగే కొద్దీ వెళ్లే అవకాశం పెరుగుతుంది, ప్రయాణ సమయం పెరిగే కొద్దీ తగ్గుతుంది. దాన్ని ఏటీఎంలకు అన్వయించి, ఫలానా చోట కొత్త యంత్రం పెడితే పొరుగు యంత్రాల నుంచి ఎంత లాక్కుంటుందో, ఇంతవరకు ఎవరికీ అందని ఊళ్ల నుంచి ఎంత రాబడుతుందో ముందే అంచనా వేయవచ్చు. 2012లో వైట్ లేబుల్ ఏటీఎంలకు, అంటే బ్యాంకులు కాని సంస్థలు నడిపే ఏటీఎంలకు, అనుమతిచ్చినప్పుడు చిన్న పట్టణాల్లోనూ గ్రామాల్లోనూ నిర్ణీత నిష్పత్తిలో యంత్రాలు పెట్టాలని మీ సంస్థ షరతు విధించింది. జనాభాను బట్టి ఊళ్లను శ్రేణులుగా విడదీసిన ఆ విధానం, ఒక ఊరికీ పక్క ఊరికీ మధ్య దారి ఎలా ఉందో పట్టించుకోలేదు.

పరిపాలనా సరిహద్దులు ఇంకొక చిక్కు. జనం డబ్బు తీసుకోవడానికి వెళ్లే దారులు మండలాల, రాష్ట్రాల హద్దుల దగ్గర ఆగవు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక వారికి బజారైనా, బస్సైనా, బ్యాంకైనా దగ్గరలో ఉన్న పట్టణం తెలంగాణలోని భద్రాచలమే. గోదావరి పాయ పక్కన ఉన్న యానాం పుదుచ్చేరిలోది, దాని చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌వి. బ్యాంకింగ్ సమీక్షలు మాత్రం రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితుల్లో, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంగా జరుగుతాయి. భద్రాచలంలో ఒక ఏటీఎం మూతపడితే ఎటపాకకు కలిగే నష్టం ఏ సమితి నివేదికలో కనిపించాలి? పరిధిని ప్రయాణ సమయంతో గీసిన పటంలో ఈ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

పటం మీద బిందువు ఉన్నంత మాత్రాన యంత్రంలో డబ్బు ఉన్నట్లు కాదు. నెలలో 10 గంటలకు మించి నగదు లేకుండా ఉన్న ఏటీఎంకు 10,000 రూపాయల జరిమానా వేసే పద్ధతిని మీ సంస్థ 2021 అక్టోబరు నుంచి అమలు చేసింది. అందుకోసం బ్యాంకులు ఏ యంత్రం ఎంతసేపు ఖాళీగా ఉందో నివేదించాలి. ఆ వివరాన్ని సేవాపరిధి పటానికి జోడించండి. మన్యంలో వారపు సంత జరిగే రోజున చుట్టుపక్కల కొండల మీది ఊళ్లన్నీ ఒక్కచోటికి దిగుతాయి, ఆ రోజు ఆ ఏటీఎం పరిధి మామూలు రోజు కంటే ఎన్నో రెట్లు పెద్దది. సంత మధ్యాహ్నానికే నగదు అయిపోతే, నెల మొత్తం మీద లెక్కించిన సగటులో అది చిన్న లోపంగానే కనిపిస్తుంది. నోట్ల విలువ సంగతీ అంతే. ఖాతాలో 400 రూపాయలున్న కూలీకి 500 నోట్లు మాత్రమే ఇచ్చే యంత్రం పక్కనే ఉన్నా లేనట్లే. ఎక్కువ శాతం ఏటీఎంలలో 100 లేదా 200 నోట్లు దొరికేలా చూడాలని 2025 ఏప్రిల్‌లో మీరిచ్చిన ఆదేశం ఈ కారణంగానే విలువైనది. ఏ ఊరికి దగ్గరి యంత్రంలో ఆ నోట్లు దొరుకుతున్నాయో కూడా పటంలో తెలియాలి.

యూపీఐ వచ్చాక ఇంత శ్రమ దేనికని కొందరు అడుగుతారు. లావాదేవీలు తగ్గిన చోట్ల యంత్రాలు మూతపడతాయి కనుకనే ఈ పటం అవసరం. బ్రిటన్‌లో 2023లో చేసిన చట్టం ప్రకారం నగదు అందుబాటును కాపాడే బాధ్యతను అక్కడి నియంత్రణ సంస్థకు అప్పగించారు. పట్టణాల్లో ఒక మైలు, గ్రామాల్లో మూడు మైళ్ల లోపు నగదు సేవ ఉండాలన్నది అక్కడి ప్రభుత్వ విధానం. 2024 సెప్టెంబరు నుంచి, లోటు ఏర్పడుతుందని తేలిన చోట ప్రత్యామ్నాయం సిద్ధమయ్యే దాకా ఉన్న సేవను మూయకూడదన్న నిబంధన పెట్టారు. మైళ్ల లెక్కను మనం యథాతథంగా తెచ్చుకోనక్కరలేదు, మూసేముందు చూసుకోవాలన్న నియమం మాత్రం తెచ్చుకోవాలి.

కనుక మొదటగా ఉభయ గోదావరి, కోనసీమ జిల్లాలను, భద్రాచలం–ఎటపాక ప్రాంతాన్ని తీసుకుని, ప్రయాణ సమయం ఆధారంగా ఏటీఎంల సేవాపరిధి పటాన్ని తయారు చేయించి, ఎవరైనా చూసి తప్పులు చెప్పగలిగేలా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పంటు వేళలు, వరదకు మునిగే కాజ్‌వేలు, సంత రోజులు ఉపగ్రహ చిత్రంలో కనబడవు, వాటిని గ్రామ సచివాలయాల నుంచీ పంచాయతీల నుంచీ సేకరించాలి. ఆ తరువాత, ఆ పటంలో పరిధి కోల్పోయే ఊళ్ల పేర్లు రాసి ఇవ్వనిదే ఏ ఏటీఎం మూసివేతకూ అనుమతి ఇవ్వవద్దని, ఆ జాబితా సంబంధిత రెండు రాష్ట్రాల బ్యాంకర్ల సమితులకూ చేరాలని ఆదేశించండి.

భవదీయుడు,
గోదావరి డెల్టాకు చెందిన ఒక పౌరుడు