స్టెప్నీ కూడా టైరే, బిడ్డా

బిడ్డా,

నాలుగు టైర్లు కొత్తవి కొని, స్టెప్నీకి ఉన్న పాతదే ఉంచుతనని రాసినవు. మామూలు కారైతే సరే అందును. నీది ఫోర్ వీల్ డ్రైవ్ క్యాంపర్, లోపల మంచమేసుకుని పడుకునే బండి. ఐదూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకే గ్రిప్పు డిజైనువి తీసుకో.

లెక్క చూడు. 75 సెంటీమీటర్ల ఎత్తున్న కొత్త టైరు కిలోమీటరుకు 424 చుట్లు తిరుగుతది. 5 మిల్లీమీటర్లు అరిగితే ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గి 430 చుట్లు పడతయి. టూ హెచ్‌లో, అంటే రెండు చక్రాలకే ఇంజన్ బలం పోయేటప్పుడు, ఆ తేడాను డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ ఉండి రెండు చక్రాలను వేరే వేరే వేగంతో తిరగనిచ్చే గేర్లు) సర్దుకుంటది. ఫోర్ హెచ్ వేస్తే, అంటే నాలుగు చక్రాలకూ బలం ఇస్తే, ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకటే వేగంతో తిరగాల్సిందే. బురదలో, ఇసుకలో టైరు కొంచెం జారి తేడా తీరిపోతది. తారు మీద జారదు, ఆ మెలికంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందుకు, వెనకకు పంచే గేరు పెట్టె) మీద పడతది. లివర్ ఇరుక్కుంటది, మలుపులో బండి పట్టేసినట్టయితది. టైర్లు సమానంగ ఉన్నా సరే, ఎండిన తారు మీద ఫోర్ హెచ్ వెయ్యకు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం పోతయి.

8,000 కిలోమీటర్లకోసారి టైర్ల జాగలు మార్చు. స్టెప్నీ క్లీనర్ సైడు వెనకకు, అక్కడిది అదే సైడు ముందుకు, ఆ ముందుది అడ్డంగ డ్రైవర్ సైడు వెనకకు, అక్కడిది డ్రైవర్ సైడు ముందుకు, ఆ ముందుది స్టెప్నీ జాగకు. 40,000 తిరిగేసరికి ఒక్కోటి 32,000 నడిచి ఉంటది, ఐదూ ఒక్కతీరుగ అరిగి ఉంటయి. గోడ మీద బాణం గుర్తున్న టైర్లు కొనకు, అవి ఒక్క సైడుకే పనికొస్తయి, ఈ వరుస నడువది.

మార్చే ముందు చేత్తో తడిమి చూడు. నడుమ అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ అరిగితే తక్కువైంది. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల సూటి) తప్పింది. రంపం పండ్ల లెక్క తగిలినా అదే. అక్కడక్కడ గుంటలు పడ్డయంటే షాకప్‌లు చూపియ్యి. రోగం ఉంచి టైరు మారిస్తే ఇంకో టైరు ఖరాబయితది, అంతే.

జాకీ కింద అడుగు వెడల్పు చెక్క పెట్టు, లేకుంటే నల్లరేగడిలో దిగబడతది. హ్యాండ్ బ్రేకును నమ్మకు. కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో అది చక్రాలను కాదు, షాఫ్టును పడతది. వెనక చక్రం ఒకటి లేపినవంటే డిఫరెన్షియల్ తిరిగి బండి కదులుతది. మూలకు ఎదురుగున్న చక్రానికి ముందు, వెనక రాళ్లు పెట్టాల్నే.

హబ్బు మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకు. స్టడ్లకు (నట్లు ఎక్కే బోల్టులకు) నూనె, గ్రీజు పూయకు, పూస్తే టార్క్ పాన (బిగింపు బలం కొలిచే పాన) చూపే లెక్కకు మించి బిగుసుకుంటది. నట్లు ఎదురెదురు వరుసలో, మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించు. షాపులో గాలి గన్నుతో ఆఖరి బిగింపు కొట్టనియ్యకు. నాలుగు అల్లాయ్, స్టెప్నీ ఇనుప రిమ్మయితే నట్టు కూర్చునే తీరు వేరే ఉండొచ్చు. ముందే ఎక్కించి చూడు, వేరేవైతే ఆ నట్లు సంచిలో పెట్టుకో.

గాలి లెక్క బరువును బట్టి. ట్యాంకులో 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. నీళ్లు, మంచం, బ్యాటరీలు, మనుషులతో సహా మిర్యాలగూడ దిక్కు ఏదన్న ధర్మకాంటా మీద ముందు ఇరుసు వేరే, వెనక ఇరుసు వేరే తూపియ్యి. టైరు మీద లోడ్ ఇండెక్స్ 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తది, అదీ దానికి చెప్పినంత గాలి ఉంటేనే. గాలి పొద్దున చల్లగున్నప్పుడే చూడు. మన ఎండకాలం మధ్యాహ్నం నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తది, తియ్యకు.

సర్కారు తుమ్మ ముండ్ల తోవలో పంచర్ స్ట్రిప్పులు, పక్కారు, వాల్వ్ పిన్నులు, బ్యాటరీ క్లిప్పుల కంప్రెసర్ ఉండాలె. స్ట్రిప్పు తాత్కాలికమే, ఊరు చేరినంక లోపలి నుంచి మష్రూమ్ ప్లగ్ (పుట్టగొడుగు తీరు రబ్బరు బిరడా) వేపియ్యి. గోడకు దిగిన ముల్లుకు రిపేరు లేదు. కృష్ణ ఇసుకలో గాలి సగం దాకా తగ్గించొచ్చు, 30 వేగం దాటకు, తారెక్కే ముందు మళ్ల నింపు.

కింద వేలాడే స్టెప్నీ చైను తుప్పు పడితే రోడ్డు మీద దిగదు. మార్చినప్పుడల్లా పూర్తిగ దించి గ్రీజు పెట్టు. టైరు మీది ఆఖరి నాలుగంకెలు చూడు: 2322 అంటే 2022లో 23వ వారం. నడువకున్నా రబ్బరు ముసలిదయితది.

శ్రీశైలం పోతమంటున్నరు గద. హైదరాబాద్‌లో టైర్లు మార్పించి బయలెల్లితే ఆమనగల్లులో ఆగి నట్లు మళ్లొకసారి బిగించు. మన్ననూరు ఫారెస్టు గేటు రాత్రి 9 గంటలకు మూస్తరు, పొద్దున 6కే తీస్తరు. తలుపు దగ్గరి గాలి స్టిక్కరు ఫొటో, కాంటా చీటీ పంపు. ఏ ఇరుసుకు ఎంతో చెప్త.

నాయిన