కార్డు బాగానే ఉంది, స్లాటు చూడండి

అమలాపురం,
10 మార్చి 2025.

సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. 2023 ఆగస్టులో మీ ల్యాప్‌టాప్ కొన్నాను. వారంటీ మూడేళ్లు. అందులో నిల్వ కార్డులు అమర్చే రెండు ఎం.2 స్లాట్లలో ఒకదానిలో విండోస్, రెండోదానిలో వీడియోలు దాచుకునే 1 టీబీ కార్డు ఉన్నాయి. సరిగ్గా మాఘమాసం ముహూర్తాల నడుమ రెండో కార్డు కనిపించడం మానేసింది.

విండోస్ కన్నా ముందే పరికరాలను గుర్తించే బయోస్‌లోనూ దాని జాడ లేదు. మూత విప్పవచ్చని మీ మాన్యువల్‌లోనే ఉంది కనుక విప్పి, కార్డు తీసి మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. వీడియోలన్నీ భేషుగ్గా ఉన్నాయి. అతని ఎన్‌వీఎంఈ రకం ఎం.2 కార్డు నా స్లాటులో పెడితే అదీ కనిపించలేదు. తప్పు ఎక్కడుందో ఇంకా చెప్పాలా? అతని డిస్కులో చోటున్నంత మేర ఒక పెళ్లి కాపీ చేసుకున్నాను. మిగతా రెండూ కార్డులోనే ఉండిపోయాయి. అది నా పొరపాటే.

ఇదంతా రాజమహేంద్రవరంలోని మీ సర్వీసు కేంద్రంలో విడమరిచి చెప్పాను. కౌంటరులోని అబ్బాయి తలూపి, కొత్త కార్డు వేసి, పాతది లోపలికి పంపేశాడు. కాలువ లాకు తలుపు బిగుసుకుపోతే చేలో నారు పీకి కొత్త నారు నాటినట్టుంది ఈ మరమ్మతు! అక్కడ కనిపించిన కార్డు ఇంటికి వచ్చేసరికి మాయం. విప్పి చూస్తే కార్డు కొసను పట్టి ఉంచే స్క్రూ లేదు, కార్డు ఏటవాలుగా లేచి ఉంది. వేరే స్క్రూ తెచ్చి బిగించినా ఫలితం లేదు.

రెండోసారి వెళితే, కోనసీమ ఉప్పుగాలికి, తేమకు పాడైందని, వారంటీ వర్తించదని కాగితం రాసిచ్చారు. బెత్తెడు దూరంలో ఉన్న మొదటి స్లాటు నిక్షేపంగా పనిచేస్తోంది. ఉప్పుగాలి ఈ ఒక్క స్లాటునే వెతుక్కుంటూ వచ్చిందా?

ఆ స్లాటున్న మదర్‌బోర్డు పరీక్షించి వారంటీ కింద ఉచితంగా బాగుచేయండి. అంతకన్నా ముందు, నా పాత కార్డును చెరపకుండా తిరిగి పంపండి. రెండు కుటుంబాల తలంబ్రాలు అందులో ఉన్నాయి, వాళ్లకు నేను ముఖం చూపలేకపోతున్నాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. బిల్లు, మీవాళ్లు ఇచ్చిన రెండు కాగితాల నకళ్లు జతచేశాను.

ఈసారి స్క్రూ మరిచిపోవద్దని చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు