క్యాబిన్ కిటికీలోంచి కనిపించిన కుటుంబాలు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం చదివాను. ఇంటిల్లిపాదీ కలిసి సినిమాకు పోయే రోజులు పోయాయని, సెల్‌ఫోన్ వచ్చి కుటుంబాన్ని తలో మూల కూర్చోబెట్టిందని రాశారు. చదువుతుంటే బాగానే ఉంది. మా ఇంటామె అయితే రెండుసార్లు చదివించుకుంది. కానీ ఆ ఇంటిల్లిపాదికీ సినిమా వేసినవాళ్లలో నేనొకణ్ని. నల్లగొండలో ఒక థియేటర్లో 1979లో హెల్పర్‌గా చేరి, తర్వాత ఆపరేటర్‌నయ్యాను. క్యాబిన్ గోడకు జానెడు కిటికీ ఉంటుంది. అందులోంచి ముప్పై ఏండ్లు హాలును చూశాను. నాకు కనిపించిన దానికీ ఆ వ్యాసానికీ పొత్తు కుదరలేదు. అందుకే రాస్తున్నాను.

తీరిక ఎట్లా దొరికిందో కూడా చెప్పాలి. 2011లో మా థియేటర్‌కు డిజిటల్ మిషన్ వచ్చింది. సినిమా కంప్యూటర్ పెట్టెలోకి వచ్చి కూర్చుంటుంది, టైముకు బటన్ నొక్కితే చాలు. దానికి గేట్ కీపర్ సరిపోతాడు. నన్ను మాత్రం పంపెయ్యలేదు, కరెంటు పనికి పెట్టుకున్నారు. ఇంకో ఐదారేండ్లకు థియేటరే మూతపడి ఫంక్షన్ హాలు అయింది. వాలుగా ఉన్న నేలను చదును చేసి టైల్స్ పరిచారు. తెర ఉన్న జాగాలో ఇప్పుడు పెండ్లి మండపం. అదే హాల్లో నేను జనరేటర్, లైట్లు చూసుకుంటున్నాను. ముహూర్తం ఉన్న రోజే పని, ఆ రోజుకే పైసలు. కార్తీకం పోయాక శుక్రమూఢం పట్టింది. ఫిబ్రవరి నడిమి దాకా పెండ్లిళ్లు లేవు, నాకు పని లేదు. మా అల్లుడు దీనికి "పంచాంగం రిటైర్మెంట్" అని పేరు పెట్టాడు. నా వయసు అరవై రెండు.

ఇక ఆ కాలం సంగతికి వస్తాను. తిప్పర్తి, కనగల్ దిక్కు నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పండుగ సినిమా అంటే క్లాక్ టవర్ దాటినా జనమే. ముసలమ్మలు, బాలింతలు, చంకలో పిల్లలు, అందరూ వచ్చేవాళ్లు, అది నిజమే. వచ్చినంక ఏమయ్యేది? నేల, బెంచీ క్లాసుల్లో ఆడవాళ్లు ఒక దిక్కు, మగవాళ్లు ఒక దిక్కు. మధ్యలో నడుమెత్తు గోడ. టికెట్ల కిటికీలు కూడా వేరే. ఇంటర్వెల్లో మగవాళ్లు లేచి గోడ మీది నుంచి సోడాలు, పల్లీల పొట్లాలు అందించేవాళ్లు. పిల్లోడు ఏడిస్తే గోడ మీది నుంచే అటు నుంచి ఇటు చేతులు మారేవాడు. మొగుడు పెండ్లాలు పక్కపక్కన కూర్చోవాలంటే బాల్కనీ టికెట్ కొనాలి. అది ఎందరికి అందేది? ఒకే బండిలో వచ్చారు, ఒకే బండిలో పోయారు. సినిమా మాత్రం గోడకు అటూ ఇటూ కూర్చుని చూశారు. మీ వ్యాసంలో ఆ గోడ లేదు.

నా సంగతి ఇంకా వింత. మా ఇంటామె పిల్లలిద్దర్నీ తీసుకుని పాసు మీద వచ్చి ఆడవాళ్ల బెంచీలో కూర్చునేది. నేను పైన క్యాబిన్‌లో. వెయ్యి అడుగుల రీలు నిమిషానికి తొంభై అడుగుల లెక్కన పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. సినిమా అంటే అట్లాంటివి పదిహేను, పదహారు. ఒక మిషన్ మీద రీలు నడుస్తుండగానే రెండో మిషన్‌లో తర్వాతి రీలు ఎక్కించి పెట్టుకోవాలి. జెనాన్ దీపాలు రాకముందు కార్బన్ కడ్డీల వెలుగు. రెండు కడ్డీల కొసలు కాలుకుంటూ పోతుంటే వాటి మధ్య సందు పెరగకుండా చేత్తో తిప్పుతూ ఉండాలి. ఏమారితే తెర చీకటి, కింద ఈలలు, బూతులు. అయిపోయిన రీలును రివైండ్ చేసి, తెగినచోట అతుకు పెట్టి, బాక్సులో సర్దాలి. రోజుకు నాలుగు ఆటలు. ఇంతలో సినిమా చూసేదెప్పుడు? మా బిడ్డ చిన్నప్పుడు బళ్లో "మా నాయిన రోజూ సినిమాకు పోతడు" అని చెప్పిందట. ముప్పై ఏండ్లలో నేను వాళ్ల పక్కన కూర్చుని ఒక్క సినిమా కూడా చూడలేదు.

ఇంకోటి. ఫోన్ వచ్చాకనే హాళ్లు ఖాళీ అయ్యాయనడం కూడా పూర్తి నిజం కాదు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం పొద్దున మా హాలు ముందు కుక్కలు పండుకునేవి. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి ముందర రోడ్డు దాకా జనం, చెప్పులు ఎవరివో ఎవరికీ తెలియకపోయేది. మా ఓనరు ఆ టీవీని తిట్టినంత ఇంకెవర్నీ తిట్టలేదు. తర్వాత కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ పేపర్లలో ఇట్లాంటి వ్యాసమే ఒకటి వచ్చేది. మీ పాత సంచికలు తిరగేస్తే దొరుకుతాయి.

ఇప్పుడు సంక్రాంతి ముచ్చట. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, బిడ్డ సూర్యాపేటలో. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలప్పుడు కొడుకు మా సొంతూరికి వచ్చాడు. సర్పంచి అభ్యర్థి ఫోన్ మీద ఫోన్ చేసి, బండి పెట్టి మరీ పిలిపించాడు. పొద్దున ఓటేసి, మధ్యాహ్నం లెక్కింపు మొదలు కాకముందే వెళ్లిపోయాడు. తల్లి వండిన కూర డబ్బాలో తీసుకుపోయాడు. అదీ ఒక రాక. పండుగకు మాత్రం ఇద్దరూ పిల్లలతో వచ్చారు. ఆంధ్రాకు పోయే కార్లతో హైవే నిండిపోయి, కొడుక్కు చౌటుప్పల్ దాటడానికే మూడు గంటలు పట్టిందట. బిడ్డ బస్సులో వచ్చింది, ఆడవాళ్లకు పైసలు లేకుండా ఇచ్చే జీరో టికెట్. మా ఇంటామెకు కూడా 2023 డిసెంబరు నుంచి అదే యోగం. నెలకు రెండుసార్లు సూర్యాపేట పోయి వస్తుంది. ఇద్దరం కలిసి బయల్దేరితే కండక్టర్ నాకొక్కడికే పైసలడుగుతాడు. పెండ్లయిన నలభై ఏండ్లలో ఆమె ఇంత తిరిగింది లేదు. ఈ ఒక్క విషయంలో ఎవరేమన్నా నేను ఆమె దిక్కే.

పండుగ నాడు సినిమాకు పోదామన్నారు. పెద్దలు, పిల్లలు కలిపి ఎనిమిది మందిమి. అల్లుడు ఫోన్లో టికెట్లు చూశాడు. మన నల్లగొండలోనే, ఆ వారం రేటుకు, ఎనిమిది మందికి పదిహేను వందలు దాటింది. హైదరాబాద్ మాల్‌లో అయితే ఎంతవుతుందో కొడుకు చెప్పాడు, రాయను. "పదిహేను వందలకు నెల గ్యాసు, కిరాణం కొంచెం వస్తది" అని మా ఇంటామె సకినాల జల్లెడ పక్కన పెట్టి లేచింది. ఆమెకు ఇంకో భయం కూడా ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో సినిమా కాడ జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ వార్త మీ పేపర్లోనే కూడబలుక్కుని చదివింది. 1990ల్లో సాక్షరతా ఉద్యమంలో రాత్రి బడికి పోయి నేర్చుకున్న చదువు అది. ఇప్పుడు రోజూ బంగారం రేటు, చావు కబుర్లు తప్పకుండా చదువుతుంది. తులం లక్ష దాటిన నాడు పేపర్ నా మీదికి విసిరింది, నేనేదో పెంచినట్టు. ఆ తల్లి వార్త చదివిననాటి నుంచి మొదటి వారం సినిమా అంటే ఆమె ఒప్పుకోదు.

"నెల రోజులు ఆగు తాతా, ఓటీటీల వస్తది" అన్నాడు పెద్ద మనుమడు. వాడికి పదమూడేండ్లు. వాడన్నదాంట్లో తప్పేముంది? ఎనిమిది మందికి పదిహేను వందలు పెట్టలేని ఇంటికి అదే దారి. దాన్నే మనం ఫోన్ పిచ్చి అంటున్నాం.

నాకు రోషం వచ్చింది. పెండ్లిళ్లలో పిల్ల, పిలగాడి ఫోటోలు చూపెట్టడానికి మా ఫంక్షన్ హాల్లో ఒక చిన్న ప్రొజెక్టర్ ఉంది. మూఢంలో అది కూడా ఖాళీయే. ఓనర్నడిగి తెచ్చాను. డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, అల్లుడి ల్యాప్‌టాప్ తగిలించి, పాత నలుపు తెలుపు పౌరాణికం వేశాం. గాలికి దుప్పటి ఊగుతుంటే రాజుగారి మొహం సాగుతోంది. పెద్దోడు అరగంటకే దిగిపోయాడు. కోడలు చలికి రగ్గు తెచ్చుకుని అందులోనే నిద్రపోయింది. మా ఇంటామె పద్యాలున్నంత సేపు చూసింది.

అప్పుడు తెర మీద కుడివైపు పై మూలన ఒక గుండ్రటి మచ్చ మెరిసి పోయింది. పాత ప్రింటు నుంచి ఎక్కించినట్టున్నారు, గుర్తులు అట్లాగే ఉన్నాయి. రీలు అయిపోవస్తోందని ఆపరేటర్‌కు చెప్పే గుర్తు అది. మొదటిది కనిపించగానే రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకు రెండోది కనిపించగానే బొమ్మ మార్చాలి. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. చిన్న మనుమడు చూసి "ఏంది తాతా?" అన్నాడు. చెప్పాను. ఇక వాడు కథ వదిలేసి ఆ మూలనే చూస్తూ కూర్చున్నాడు. మచ్చ వస్తే చాలు "తాతా, మార్చు!" అని అరుపు. తొమ్మిది రీళ్లు పట్టాడు, పదోది రాకముందే నా తొడ మీద పండుకున్నాడు. మా బిడ్డ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాయినా, నువ్వు సినిమా చూస్తుంటే చూసుడు నాకు ఇదే మొదటిసారి" అంది. నేను సినిమా చూడలేదని, మూల చూశానని ఆమెకు చెప్పలేదు.

సరే, ఉత్తరం రాసింది దీనికి కాదు, అడగాల్సింది ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకు లోపు సినిమా టికెట్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. ఆ తగ్గింపు అందాలంటే ముందు వంద లోపు టికెట్ దొరకాలి కదా? 2021 డిసెంబరు జీవోలో ఏసీ థియేటర్‌కు గరిష్ఠంగా 150, మల్టీప్లెక్స్‌కు 250 అని పెట్టారు, పన్ను అదనం. గరిష్ఠం అంటే అంతకు మించొద్దని కదా, అంతే తీసుకోవాలని కాదు. పెద్ద సినిమా వస్తే దాని మీద కూడా పెంచుకోవడానికి మళ్లీ అనుమతి. థియేటర్ వాళ్ల బాధ నాకు తెలియంది కాదు. 2024 మేలో ఎన్నికలు, క్రికెట్ పోటీలు కలిసొచ్చి జనం రాక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్ వాళ్లు పది రోజులు ఆటలు ఆపేద్దామనుకున్నారు. ఖాళీ కుర్చీలకు సినిమా వేసిన రోజులు నాకూ ఉన్నాయి. కరెంటు బిల్లు అంతే వస్తుంది. అయినా వారంలో రెండు మ్యాట్నీలైనా, మంగళ, బుధవారాల్లో, కొన్ని వరసలు వంద లోపు పెడితే వాళ్లకు పోయేదేముంది? ఎట్లాగూ ఖాళీగా ఉండే సీట్లే. కలెక్టర్ గారో, జిల్లా థియేటర్ల వాళ్లో దీని మీద ఒక మాట చెప్పాలి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. వెనుక మీ జిల్లా పేజీలో "నేటి చిత్రాలు" అని చిన్న పెట్టె వచ్చేది. ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఏ ఆట, ఎన్ని గంటలకు అని. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వరసగా ఉండేవి. ఆ పెట్టెను మళ్లీ వెయ్యండి, పక్కన టికెట్ ధర కూడా వెయ్యండి. ధర అచ్చులో కనిపిస్తే ఎక్కువ తీసుకునేవాడికి కొంత జంకు ఉంటుంది. ఫోన్లో బుక్ చేసుకోవడం రాని నాలాంటివాళ్లకు అక్కరకొస్తుంది. సినిమా కబుర్ల కోసం మీరు రోజూ రెండు పేజీలు ఇస్తున్నారు, ఎవరు ఎవరితో విడిపోయారో అన్నీ ఉంటాయి. నాలుగు అంగుళాల జాగా దొరక్కపోదు.

ఈ ఉత్తరం వేసేదుంటే మూఢం పోకముందే వెయ్యండి. ఫిబ్రవరిలో ముహూర్తాలు మొదలైతే నేను పొద్దున నాలుగింటికే జనరేటర్ కాడ ఉంటాను. పేపర్ మా ఇంటామె చేతికి పోతుంది. ఆమె బంగారం రేటు చూసి మడిచి పెడుతుంది.

ఇట్లు,
ఒక పాత సినిమా ఆపరేటర్,
నల్లగొండ