గెడ్డల్లో రాళ్లు ఎత్తుకుపోకండి

సంపాదకుల వారికి,

వానల కోసం కప్పలకు పెళ్లి చేసిన ఫొటో మొన్న మీ పేపర్లో చూశాను. కప్ప మీద మనవాళ్లకున్న నమ్మకం చూసి సంతోషమేసింది. ఆ కప్పల పిల్లలు బతికే చోటు గురించి కూడా రెండు మాటలు రాయాలనిపించింది.

మాది పర్లాకిమిడి. పద్దెనిమిదేళ్లుగా మహేంద్రగిరి దారిలో జీపు నడుపుతున్నాను. ఘాట్‌లో ఇంజిను వేడెక్కితే ఒక గెడ్డ (కొండవాగు) దగ్గర ఆపి రేడియేటర్లో నీళ్లు పోస్తాను. కిందటేడు భాద్రపదంలో అలా మగ్గు ముంచబోతుంటే, రాయి వెనకాల చిటికెనవేలి గోరంత తోకకప్ప కనబడింది. నీళ్లు వడిగా పోతున్నా అది తల ధారకు ఎదురుపెట్టి, తోక కొస మాత్రం ఆడిస్తూ రాతి మీది పాచి గీరుకు తింటోంది. బాగా చూద్దామని రాయి కొంచెం జరిపాను. అంతే, కొట్టుకుపోయింది. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ బాధే.

మా మేనల్లుడు బరంపురంలో జువాలజీ చదువుతున్నాడు. చెరువు తోకకప్పకు ఒళ్లు బొద్దుగా ఉంటుందట. జోరు నీటిలో పెరిగే వాటిలో చాలావాటికి ఒళ్లు చదును, తోక కండ గట్టి, నోరు కిందివైపు. పడమటి కనుమల్లో ఊదారంగు కప్ప ఉంది, దానికి 2003లో శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. పెద్దదయ్యాక భూమిలోపలే కాలం గడుపుతుంది గానీ, పిల్లగా ఉన్నప్పుడు నోటితో బండను కరుచుకుని ప్రవాహంలో నిలబడుతుంది. అక్కడే కాలు చాపి ఊపుతూ ఆడే కప్పలున్నాయి. వాటి పిల్లలు వాగు అడుగున ఇసుకలో, గులకరాళ్లలో దూరి పెరుగుతాయని 2016లో గానీ లోకానికి తెలియలేదు. ఈశాన్య కొండల్లో కొన్నిటికైతే పొట్ట కిందే అతుక్కునే గిన్నె లాంటిది ఉంటుందట.

ఈ ఎండాకాలం కల్వర్టు పనికి మా గెడ్డలోకి జేసీబీ దించారు. బండలు, గులకరాళ్లు అన్నీ ఎత్తుకుపోయి అడుగంతా సిమెంటు పోశారు. వానలొచ్చాక నాలుగు ట్రిప్పుల్లో ఆగి వంగి చూశాను. ఒక్క తోకకప్ప లేదు. నిలవడానికి రాయి లేదు, గీరుకోవడానికి పాచి లేదు.

కల్వర్టు వద్దని నేననను. దారి తెగిపోతే నిండు గర్భిణిని మంచం మీద మోసుకొచ్చిన రోజులు నేనే చూశాను. తూము కొంచెం లోతుగా దింపి, గెడ్డలో తీసిన రాళ్లనే మళ్లీ దాని మీద పరిస్తే చాలు. తవ్విన మట్టిని గెడ్డలోకి తొయ్యకుండా ఉంటే ఇంకా మేలు. మా డ్రైవర్లు కూడా గెడ్డలో సర్ఫుతో బళ్లు కడగడం మానాలి, నేను మానేశాను.

పైన ఇంకో రెండు గెడ్డల మీద పని ఉంది. దసరా వెళ్లాక మొదలుపెడతారంటున్నారు. ఆలోగా ఈ ఉత్తరం అచ్చువేయమని వేడుకుంటున్నాను.

– ఒక జీపు డ్రైవరు, పర్లాకిమిడి, గజపతి జిల్లా